పాలు విరిగేది బెల్లానికి, మా చేతికి కాదు

శ్రావణమాసంలో మా ఊరి బడిలో జరిగిన ముచ్చట ఇది. ఊళ్లె ఒక పెద్దమనిషి ఇంట్ల వ్రతం చేసుకున్నడు. బడి పిల్లలందరికీ పరమాన్నం పెట్టిస్తనని కబురు పంపిండు. మంచిదే. పిల్లలు సంబురపడ్డరు. బడిలో రోజూ వంట చేసేది మా వాడ ఆడబిడ్డ. పాలు ఎన్ని కావాలె, బియ్యం ఎన్ని పొయ్యాలె అని ఆమె లెక్కలేసుకుంటున్నది. అంతలో రెండో కబురు వచ్చింది. “అన్నం, పప్పు మీరే వండుండ్రి. పాశం మట్టుకు మా ఇంట్ల వండించి తెస్తం. దేవునికి చూపెట్టేది గద, మడి ఉండాలె” అని.

పెద్ద గంజులో పాశం వచ్చింది. వాళ్ల మనుషులే వడ్డించిండ్రు. వంట చేసే ఆమె పొయ్యి కాడ దూరంగ నిలబడ్డది. పిల్లలు తిన్నరు, పంతుళ్లు తిన్నరు. అంతా అయినంక ఖాళీ గంజు ఆమె ముందర పెట్టి, తోమి పంపమన్నరు. తోమేటప్పుడు మాత్రం మైల యాదికి రాలేదు.

సాయంత్రం ఆమె మా దగ్గరికి వచ్చి అడిగింది. “రోజూ నేను వండిన అన్నం తింటరు గదనే. నా చెయ్యి తాకితే పాలు విరుగుతయా?”

ఈ మాటకు జవాబు చెప్పాల్సింది ఆమె కాదు. అయినా అడిగింది ఆమె కాబట్టి, ఆమె కోసం, ఆమె లాంటి అక్కచెల్లెళ్ల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ముందుగా ఆ గంజులో ఏమున్నదో చూద్దాం. బియ్యం, పాలు, బెల్లం, కొంచెం నెయ్యి, రెండు యాలకులు. మన నల్లగొండ, పాలమూరు ఎత్తునేలల్లో వరి ఎక్కడిది? చెరువు కింద కొంత, బావి కింద కొంత. కరెంటు మోటర్లు రాకముందు బావి నీళ్లు పైకి వచ్చింది మోటతో. మోటకు తోలు బొక్కెన కావాలె. ఆ తోలు ఊనింది, బొక్కెన కుట్టింది, చినిగితే అతుకేసింది మాదిగ. ఆ నీళ్లు తోలుల నుంచే మడిలోకి పారినయి. ఆ నీళ్లతో పండిన వడ్లే దేవుని ముందర నైవేద్యమైనయి. తోలుకు మైల ఉంటే ఈ జిల్లాల్లో తరాల తరబడి ఏ దేవుడూ అంటు లేని అన్నం తినలేదు. నాటు వేసింది, కలుపు తీసింది, కోత కోసింది ఎవరో చెప్పాల్సిన పని లేదు.

ఇక పాలు. మన దిక్కు ఇండ్లల్ల పాలు చాలావరకు బర్రె పాలు. చిక్కగా ఉంటయి, మీగడ కడతయి, పాశం కమ్మగ వస్తది. అయినా పూజ ఆవుకు, పాలు బర్రెవి. చాకిరీ నల్లటి దానిది, దండ తెల్లటి దానిది. ఆ బర్రెకు గడ్డి కోసుకొచ్చింది, పేడ ఎత్తింది, కొట్టం ఊడ్చింది జీతగాడు. జీతగాడు మా వాడోడు. బర్రె చస్తే ఈడ్చుకపొమ్మని కబురు వచ్చింది కూడా మా వాడకే. పాలిచ్చినన్ని రోజులు పటేలుది, చచ్చినంక మాది.

అంటే వడ్లు పండించేదాకా మైల లేదు, గడ్డి కోసేదాకా లేదు, పేడ ఎత్తేదాకా లేదు, గంజు తోమేటప్పుడూ లేదు. పొయ్యి మీద గంటె తిప్పేటప్పుడే వస్తది. ఎందుకు? కష్టపడే చెయ్యి మాది కావొచ్చు గానీ పెట్టే చెయ్యి మాది కావొద్దు. మడికీ శుభ్రతకూ సంబంధం లేదు. మడి అంటే “పెట్టేటోడు ఎవడు, చెయ్యి చాపేటోడు ఎవడు” అని ఊరికి రోజూ గుర్తు చేసే పద్ధతి.

కొందరు మిత్రులు అంటరు: “భూమి గురించి కొట్లాడాలె, కూలి గురించి కొట్లాడాలె. పాశం గురించి ఏం లొల్లి?” భూమి గురించి కొట్లాడాల్సిందే, ఎవరూ కాదనలేదు. కానీ తిండి చిన్న ముచ్చట అనేవాళ్లు చరిత్ర చూడాలె. 1936 ఏప్రిల్‌లో జయపుర సంస్థానంలో చక్వారా అనే ఊళ్లో ఒక అంటరాని కులస్తుడు తీర్థయాత్రకు పోయి వచ్చిండు. ఆనవాయితీ ప్రకారం తన కులపోళ్లకు విందు పెట్టిండు. తన పైసలతో కొన్న నెయ్యి వడ్డించిండు. తింటున్నప్పుడే వందల మంది హిందువులు లాఠీలతో వచ్చి పడ్డరు. వండిందంతా పాడు చేసిండ్రు. తినేటోళ్లు ప్రాణాలు దక్కించుకోను ఉరికిండ్రు. వాళ్లు చేసిన నేరం నెయ్యి తినడం. నెయ్యి మా హోదా, అది మీరెట్ల తింటరు అన్నది అక్కడి హిందువుల కోపం. డాక్టర్ అంబేడ్కర్ అదే ఏడు ‘కుల నిర్మూలన’లో ఈ సంగతి రాసిండు. దొంగిలించిన నెయ్యి కాదు, ఎవరి ఇంట్ల నుంచో అడిగి తెచ్చింది కాదు. సొంత పైసలతో కొన్న నెయ్యికే లాఠీలు లేచినయి. ఇది తిండి ముచ్చటనా, అధికారం ముచ్చటనా?

1927 మార్చి 20న మహాడ్‌లో అంబేడ్కర్ వేల మందితో కలిసి చౌదారు చెరువు నీళ్లు తాగిండు. ఆ తర్వాత అక్కడి సవర్ణులు ఏం చేసిండ్రు? ఆవు పేడ, ఆవు మూత్రం, పాలు, పెరుగు కలిపి 108 కుండలు ఆ చెరువులో పోసి శుద్ధి అయిందన్నరు. పసిపిల్లలు తాగాల్సిన పాలు మనిషి తాకిన నీళ్లను కడగను పనికొచ్చినయి.

మన తెలుగు నేల మీద కూడా చూడండి. 1985 జూలై 17 కారంచేడు. మాదిగలు తాగే చెరువు కాడ అగ్రకులపు పిల్లలు బర్రె కుడితి బకెట్ కడుగుతుంటే ‘ఇదేం పని’ అని అడిగినందుకే గొడవ మొదలైంది. మున్నంగి సువార్త అనే తల్లి ఎదురు తిరిగింది. తెల్లారి ఊరంతా కట్టగట్టుకుని మాదిగపల్లె మీద పడింది. ఆరుగురు చచ్చిపోయిండ్రు. బర్రెకున్న ఇజ్జతు మాదిగకు లేదని ఆ రోజు తేల్చి చెప్పిండ్రు. కాబట్టి నీళ్లు చిన్నవి కావు, నెయ్యి చిన్నది కాదు, పాశమూ చిన్నది కాదు.

ఇప్పుడు ఉపవాసం ముచ్చట. శివరాత్రి, తొలి ఏకాదశి, శనివారం, సోమవారం అని ఒక్కపొద్దులు ఉంటరు. ఉండేటోళ్లను మేం తప్పు పట్టం. కానీ ఒక లెక్క అడుగుతాం. ఇంట్ల గాదె నిండా గింజలు ఉన్నోడు ఒక పూట తినకపోతే అది వ్రతం. పాలమూరు కూలి బొంబాయి, పూనా పనుల కాడ పని దొరకక తినకపోతే దానికేం పేరు? మా అవ్వలు ఏండ్లకేండ్లు ఒక్కపొద్దులే ఉన్నరు. పొద్దున గటుక, రాత్రికి మంచినీళ్లు. ఏ పురాణమూ వాళ్లకు పుణ్యం రాయలేదు. ఎంచుకున్న ఆకలికి దేవుడు మెచ్చుతడు, ఎంచుకోని ఆకలికి మొఖం తిప్పుకుంటడు అంటే మేం నమ్మం.

ఆ ఒక్కపొద్దు పూట అన్నం తినొద్దు, కాబట్టి సగ్గుబియ్యం పాయసం తింటరు. సగ్గుబియ్యం బియ్యం కాదు. కర్ర పెండలం గడ్డ పిండితో చేసిన గింజలు. ఆ గడ్డ పుట్టింది దక్షిణ అమెరికాలో. సముద్రాలు దాటి, పరాయి దేశపు ఓడల్లో మన నేలకు వచ్చింది. ఎవరి చేతులు తాకినయో ఎవడూ అడగలేదు. ఫ్యాక్టరీలో ఎవరు ఎండబోసిండ్రో, ఎవరు జల్లించిండ్రో అడగలేదు. ఏడు సముద్రాల అవతలి గడ్డకు మడి దొరికింది. నూరు గజాల అవతలి వాడ మనిషికి దొరకలేదు.

ఇంట్ల ముచ్చట కూడా ఒకటి చెప్పుకోవాలె. మగని కోసం, కొడుకు కోసం ఒక్కపొద్దు ఉండేది ఆడమనిషే. పాశం వండేదీ ఆమెనే. అందరూ తిన్నంక గంజు అడుగున మిగిలింది తినేదీ ఆమెనే. ఈ లెక్క మా వాడల్ల కూడా ఉన్నది. ఎదుటోళ్ల మడిని తిట్టే మనం మన ఇంట్ల వంతు కూడా చూసుకోవాలె.

పాలమూరు జిల్లాలో కురుమూర్తి జాతర అందరికీ ఎరుకే. దీపావళి తర్వాత కార్తీకంలో జరుగుతది. చిన్నచింతకుంట మండలంలోనే ఉన్న వడ్డెమాన్‌లో దళితులు నియమంతో, ఉపవాసంతో స్వామికి ఉద్దాలు తయారు చేస్తరు. తోలుతో కుట్టిన ఆ ఉద్దాలకు ఊరేగింపు జరుగుతది. వేల మంది వాటికి మొక్కుతరు, నెత్తికి తాకించుకుంటరు. అంటే మా చేతుల పని దేవుని కాళ్లకు చేరింది. మా ఉపవాసం కూడా ఉపవాసమే అయింది. మరి దేవుని కాళ్ల కాడికి పోయిన చెయ్యి ఊరి పిల్లల నోటి కాడికి ఎందుకు పోదు? చెప్పు కుట్టే చెయ్యి పవిత్రమే, పాశం తిప్పే చెయ్యి మైల అనే లెక్క ఏ శాస్త్రంలో ఉన్నదో చెప్పుండ్రి. మాకు కాళ్ల కాడ చోటు ఇచ్చి సంతోషపడుమంటే సంతోషపడం.

ఇంకో దిక్కు నుంచి ఇంకో మాట వస్తది. “పరమాన్నం బాపనోళ్ల తిండి. మన తిండి వేరు. అది మనకెందుకు?” అని కొందరు మన తమ్ముళ్లే అంటరు. వాళ్ల కోపం మాకు అర్థమైతది. పెద్దకూర తిన్నందుకు సిగ్గుపడాల్సిన పని లేదు, నిజమే. కానీ పాలల్ల ఉడికిన బియ్యాన్ని వాళ్లకు పట్టా రాసి ఇచ్చింది ఎవరు? పోచమ్మకు, ఎల్లమ్మకు, మైసమ్మకు మా అక్కలు బోనం ఎత్తుతరు. కొత్త కుండల అన్నం, కొన్ని ఇండ్లల్ల పాలు, బెల్లం పోసి వండిన అన్నం. నడుమ అయ్యగారు లేడు. మంత్రం లేదు. వండిన మనిషే నెత్తిన పెట్టుకుని పోయి తానే పెడతది. మైల పడ్డదని పోచమ్మ ఏనాడూ కుండ పగలగొట్టలేదు. అట్లని ఎల్లమ్మ పేరు మీద జరిగేదంతా మనదే, మంచిదే అని కూడా మేం అనం. ఈ పాలమూరులోనే ఆ తల్లి పేరు చెప్పి మా ఆడపిల్లలను జోగినులను చేసిండ్రు. 1988లో చట్టం వచ్చినంక కూడా ఆ దురాచారం మీద కొట్లాడాల్సి వచ్చింది. కాబట్టి మనది అనుకున్న దాంట్ల కూడా మంచిని ఉంచుకోవాలె, చెడును పారెయ్యాలె.

బోనం కంటే వెనక్కి పోతే ఇంకో గంజు కనపడుతది. సిద్ధార్థుడు ఆరేండ్లు ఒళ్లు ఎండబెట్టుకున్నడు. పక్కటెముకలు లెక్కబెట్టేటట్టు అయినడు. ఆకలితో జ్ఞానం రాదని తెలుసుకుని తిండి మొదలుపెట్టిండు. తిన్నందుకు వెంట ఉన్న ఐదుగురు సన్యాసులు ఆయనను విడిచి పోయిండ్రు. వైశాఖ పున్నమి నాడు సుజాత అనే పల్లెటూరి ఆడబిడ్డ పాలల్ల వండిన అన్నం తెచ్చి ఇచ్చింది. ఆయన తిన్నడు. ఆ రాత్రే బుద్ధుడైనడు అని బౌద్ధ గ్రంథాలు చెప్తున్నయి. అంటే మన చరిత్రల పాయసం ఉపవాసం కోసం వండింది కాదు. ఆకలి ముక్తి కాదని చెప్పిన గంజు అది. ఎవరు ఇచ్చిండ్రు, ఏ కులం అని ఆయన అడగలేదు.

ఈ మాట మన నేలకు కొత్త కాదు. 2016లో జిల్లాలు విడగొట్టకముందు నల్లగొండలో ఉండి, ఇప్పుడు సూర్యాపేట జిల్లాలోకి పోయిన ఫణిగిరి గుట్ట మీద బౌద్ధ స్తూపం, విహారాలు బయటపడ్డయి. కృష్ణ ఒడ్డున నాగార్జునకొండ ఉన్నది. మన తాతల తాతలు అక్కడ ఏ భేదమూ లేకుండా కూడుకున్నరని ఊహించుకోవడానికి మనకు హక్కు ఉన్నది. భాగ్యరెడ్డి వర్మ 1913లోనే హైదరాబాదులో బుద్ధ జయంతి జరిపిండు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో అంబేడ్కర్ బౌద్ధం తీసుకున్నడు. ఇప్పటికీ నాగపూర్ దిక్కు బుద్ధ పున్నమి నాడు బాట మీద పోయేటోళ్లందరికీ పాయసం పంచుతరు. పరమాన్నం వాళ్ల సొత్తు అని అప్పజెప్తే సుజాతను కూడా అప్పజెప్పినట్టే.

మరి ఏం చెయ్యాలె?

ఒకటి. బడి వంట మన ఆడబిడ్డల హక్కు. దయ కాదు. ప్రాథమిక బడులల్ల వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబర్ 28న చెప్పింది. మన రాష్ట్రంలో 2003 జనవరి నుంచి వంట మొదలైంది. వంట చేసేటోళ్లను పెట్టుకునేటప్పుడు దళితులకు, ఆదివాసులకు ముందు అవకాశం ఇవ్వాలని అదే కోర్టు 2004 ఏప్రిల్ 20న ఆదేశం ఇచ్చింది. కోర్టు ఎందుకు అట్ల చెప్పింది? ఒక్క బంతిల కూసొని, మన చేతి వంట తిని పెరిగిన పిల్ల రేపు ఆ రోగాన్ని మొయ్యకుండ ఉంటదని. కాబట్టి బడికి ఎవరన్నా పండుగ తిండి పెడతమంటే మంచిదే, సామాను ఇయ్యుండ్రి, మా అక్క వండుతది అనాలె. ఇంట్ల నుంచి మడితో తెస్తమంటే వద్దనాలె. ఈ మాట పంతులు చెప్పకపోతే తల్లిదండ్రుల కమిటీల మనోళ్లు లేచి చెప్పాలె. అప్పటికీ వినకపోతే 1989 అత్యాచార నిరోధక చట్టం ఉన్నది, రాజ్యాంగం 17వ అధికరణం ఉన్నది.

రెండు. పాల కేంద్రం. 11 రాష్ట్రాలల్ల 565 ఊళ్లు తిరిగి అంటరానితనం మీద చేసిన సర్వే 2006లో పుస్తకంగా వచ్చింది. పాల సహకార కేంద్రాలున్న ఊళ్లల్ల సగానికి దగ్గరగా దళితుల పాలు పోయించుకోని ఊళ్లే అని అందులో తేలింది. మిషనుకు కులం తెల్వదు. అది వెన్న శాతం చూసి లెక్క కడతది. మనుషులే నడుమ నిలబడి లెక్క మారుస్తరు. మీ ఊరి కేంద్రంల ఎట్లున్నదో కార్యకర్తలు చూసి రాయాలె. దాంతోపాటు ఇంకో చేదు సంగతి. గుంట భూమి లేనోనికి చొప్ప లేదు. చొప్ప లేనోనికి బర్రె నిలవదు. అప్పు తెచ్చి బర్రె కొన్నోళ్లు కూడా పాలన్నీ కేంద్రంల పోసి, పిల్లలకు నల్ల చాయ పోస్తున్నరు. అందుకే పాశం ముచ్చట చివరికి భూమి దగ్గరికే పోతది. ఇవి రెండు వేరు కొట్లాటలు కావు.

మూడు. మన గంజు మనం పెట్టాలె. ఏప్రిల్ 14న గానీ, వైశాఖ పున్నమి నాడు గానీ, వాడ నడుమ పొయ్యి తవ్వి పాశం వండుదాం. ఊరందరినీ పిలుద్దాం. వచ్చేటోళ్లు వస్తరు. రానోళ్లు ఎందుకు రాలేదో ఊరికి తెలుస్తది. కానీ ఒక్క షరతు. గంటె తిప్పేది ఒక్క కులం కావొద్దు. మాల ఇంట్ల మాదిగ తినడు, మాదిగ ఇంట్ల మాల తినడు, ఇద్దరూ కలిసి డక్కలోని దూరం పెడతరు. చిందోళ్లు, మాష్టివాళ్లు వాడ అంచున్నే ఉంటరు. ఇది మన సిగ్గు. పెద్దమనిషి మడిని అడిగే ముందు ఈ మడిని తెంపాలె. ఆ గంజు చుట్టూ అందరి చేతులు ఉండాలె, మగోళ్ల చేతులు కూడా.

నూరు మందికి లెక్క చెప్తున్నాం, రాసుకోండి. బియ్యం 3 కిలోలు, పాలు 15 లీటర్లు, బెల్లం మూడున్నర కిలోలు. కొత్త బియ్యమైతే గుజ్జుగ, చిక్కగ వస్తది. బియ్యం కడిగి అర్ధగంట నానబెట్టాలె. ముందుగా నాలుగైదు లీటర్ల నీళ్లల్ల సగం ఉడకనియ్యాలె. తర్వాత పాలు పోసి సన్నమంట మీద పెట్టాలె. అడుగంటకుండ గంటె తిప్పుతనే ఉండాలె. తొందరపడితే పాశం పలుచగ అయితది. మెతుకు మెత్తబడి పాలు చిక్కగైనంక గంజు దించాలె. బెల్లం వేరే గిన్నెల కొన్ని నీళ్లు పోసి కరిగించి, ఇసుక, చెరుకు పీచు పోయేటట్టు వడగట్టి, చల్లారనియ్యాలె. పొయ్యి మీద నుంచి గంజు దించి, కొంచెం వేడి తగ్గినంకనే ఆ బెల్లం పాకం పొయ్యాలె. మసిలే పాలల్ల బెల్లం వేస్తే, బెల్లంల ఉన్న పులుపుకు పాలు విరుగుతయి. ఆఖరుకు యాలకులు, ఎండు కొబ్బరి ముక్కలు, ఉంటే నెయ్యి.

అక్కా, నీవు అడిగినదానికి జవాబు ఇదే. పాలు విరిగేది మసిలేటప్పుడు వేసిన బెల్లానికి. పాత గిన్నెల మిగిలిన పులుపుకు. ఎండకాలం పొద్దుగూకేదాక కాచకుండ పెడితే విరుగుతయి. మనిషి చెయ్యి తాకితే విరగవు. ఏ కులం చెయ్యి తాకినా విరగవు. ఈ సంగతి నీకు ఎరుకే, రోజూ వండేదానివి నీవు. ఎరుక లేనిది వాళ్లకు. ఎరుక ఉండి కూడా లేనట్టు చేసేది కూడా వాళ్లే.

వచ్చే ఏడు శ్రావణమాసంల ఆ గంజు మళ్లా బడికి వస్తే, పాలు, బియ్యం, బెల్లం దించుకుని గంటె నీవే పట్టుకో. మేం నీ పక్కన నిలబడతం. ఒక్కదాన్ని చేసి నిన్ను పొయ్యి కాడ నిలబెట్టినందుకు మాకూ సిగ్గుగ ఉన్నది. ఆ రోజు మేం అక్కడ ఉండి కూడా నోరు తెరవలేదు. పిల్లల ముందు గొడవ ఎందుకు అనుకున్నం. పిల్లల ముందే తేల్చాల్సిన ముచ్చట అది.

జై భీం.